నోరు మెదపని ప్రోగ్రాం

శ్రీవారికి నమస్కారం.

ఇక్కడ నేనూ చిన్నదీ కులాసా. అత్తయ్యగారి మోకాలు నయం. మన కళ్లద్దాల దుకాణం కోసం మీరు రాసిచ్చి వెళ్లిన ప్రోగ్రాం సంగతి మాత్రం అడక్కండి. మీ వాతావరణ కేంద్రం ఉన్న దీవికి ఫోను కలవదు కాబట్టి బతికిపోయారు, లేకపోతే ఇదంతా చెవులారా వినేవారు.

అది ఎలా పనిచేస్తోందని కిందటి ఉత్తరంలో అడిగారు. అచ్చం మీలాగే పనిచేస్తోంది. ఎవరి కళ్లద్దాలైనా తయారైతే, వాళ్ల ఫోనుకి సందేశం పంపమని ఆ నల్ల తెరమీద టైపు చేసి ఎంటర్ నొక్కుతాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పంపిందో పడుకుందో తెలియక మళ్లీ కొడతాను. మళ్లీ అదే తంతు. మొన్న లెక్కల మాస్టారు ఫోను పట్టుకుని దుకాణానికే వచ్చేశారు. "నాకు కళ్లే ఆనవమ్మా, చెవులు బాగానే ఉన్నాయి. పొద్దున్నించీ ఇది ఒకటే మోత" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పని సవ్యంగా అయితే ఏమీ అనకూడదు, తప్పు జరిగితేనే మాట్లాడాలి, అదే ఇలాంటి ప్రోగ్రాముల మర్యాద అని రాశారు. ఏడ్చినట్టే ఉంది మర్యాద. ఇంట్లోనూ మీది ఇదే వరస కదా. కూరలో ఉప్పు ఎక్కువైతే నోరు లేస్తుంది, బాగుంటే కంచం ఖాళీ అవుతుంది, అంతే.

చివరికి విసుగెత్తి, మీరు నేర్పిన అరకొర చదువుతో ఆ ప్రోగ్రాం ఫైలు నేనే తెరిచి ఓ లైను చేర్చాను. ఇప్పుడు సందేశం వెళ్లగానే "పంపానండీ" అంటోంది. మొదటిసారి ఆ మాట చూసి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపూ వచ్చింది. దాన్ని మార్చడానికి ఒక పూట పట్టింది. మిమ్మల్ని మార్చే ఫైలు ఎక్కడుందో పెళ్లయినప్పట్నుంచీ వెతుకుతూనే ఉన్నాను.

ఇంతకీ చెప్పాల్సింది చెప్పకుండా నాన్చుతున్నాను. కాంట్రాక్టు అయిపోగానే వచ్చేస్తారా, ఇంకో ఏడాదికి సంతకం పెడతారా అని ప్రతి ఉత్తరంలోనూ అడిగాను. మీరు ఆ ఊసే ఎత్తలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా అని, దాన్ని పూర్తి అంగీకారం కింద జమకట్టి, నాన్న వచ్చేస్తున్నాడని చిన్నదానికి చెప్పేశాను. అది బడంతా చాటింపు వేసింది. మంచం మీద బొమ్మలన్నీ తీసేసి మీకు చోటు చేసింది. టపా వచ్చినప్పుడల్లా "నాన్న ఏమన్నాడు?" అని అడుగుతోంది. ఏమీ అనలేదని చెప్పలేక ఛస్తున్నాను.

రావడం లేదంటే వెంటనే రాయండి. వస్తున్నా సరే, రాయండి.

ఇట్లు,
మీ ఒక్క మాట కోసం కాచుకున్న
మీ ఆవిడ