పోయొస్తనన్న మాట

మంగళవారం రాత్రి, గోడాదరా, సూరత్

పొద్దున మా స్వప్న కొత్త ఉద్యోగానికి బార్డోలీ బయలుదేరింది. చెప్పులేసుకుంటూ "అమ్మా, పోతున్న" అంది.

"గట్లనకు బిడ్డా. పోయొస్త అను."

సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. హిందీలో "జా రహీ హూఁ" అంటే ఎవరూ ఉలిక్కిపడరు. పక్కింటి హన్సాబెన్ అయితే వెళ్లేవాళ్లకు కూడా గుజరాతీలో "ఆవజో" అంటుంది, రండి అని. పోతున్నామని చెప్పడానికి మనకే ఇంత భయం.

స్వప్న సంచి భుజాన వేసుకుని నా వైపు చూసింది.

"బాపు పోయొస్త అనే పోయిండు గదమ్మా."

ఆ రోజు ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని, గడపలో నిలబడి, రోజూ అన్నట్టే ఆ మాట అని మిల్లుకు పోయాడు. ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు. అంత స్పష్టంగా చెప్పిన మనిషి ఇంకా దారిలోనే ఉన్నాడేమోనని నాకు...

సాయంత్రం స్వప్న ఫోన్ చేసింది. చేరిందట, గది బాగుందట. పెట్టేసే ముందు తనంతట తనే "మల్ల వస్త తియ్ అమ్మా" అంది.

అయినా ఇవాళ కూడా తలుపుకు గడియ పెట్టలేదు. అది బిడ్డ కోసం కాదు.