ఒకే ఇంట్లో ఇద్దరు బాలింతలు

భేస్తాన్, సూరత్
ఆగస్టు 4

ప్రియమైన అమ్మకు,

ఫోన్ చేస్తే అత్తమ్మ పక్కనే ఉంటుంది, అందుకే ఉత్తరం. పాపకు పంతొమ్మిది రోజులు. కింద మరమగ్గాల సాంచాలు నడిచినంతసేపు నిద్రపోతుంది, కరెంటు పోయి అవి ఆగితే లేచి ఏడుస్తుంది. అది పడుకున్నా నాకు నిద్ర రాదు. ఎత్తుకుంటే ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టుంది. ఈ మాట ఎవరితో అనను? నీ అల్లుడు రవీంద్రకు రోజూ పన్నెండు గంటల డ్యూటీ. ఆడపిల్ల అని మొహం ముడుచుకున్నది అత్తమ్మ, ఏడుస్తున్నానని నన్ను తిట్టేదీ అత్తమ్మే. కాన్పుకు వస్తానంటే అంతదూరం ప్రయాణం వద్దన్నావు, సరే అన్నాను. ఇప్పుడన్నా ఒక్క నెల తీసుకుపో.

నీ నవత

సిరిసిల్ల
ఆగస్టు 11

నా బంగారు బిడ్డకు,

మీ వదిన సంగీత మొన్ననే కన్నది, మగపిల్లవాడు. ఒకే ఇంట్లో ఇద్దరు బాలింతలు ఉండరాదని నీకు తెలియనిదా? పిల్లలకు కీడు. మూడో నెల పడ్డాక చూద్దాం. వెల్లుల్లి కారం తిను, చెవుల్లో దూది పెట్టుకో. పచ్చి ఒళ్లు కదా, అట్లనే ఉంటుంది. పిల్ల మొహం చూస్తూ ఉంటే అన్నీ మరిచిపోతావు.

ప్రేమతో, మీ అమ్మ

భేస్తాన్
ఆగస్టు 23

అమ్మా,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. నిన్న వదిన ఫోన్ చేసింది. ఏడో నెలలోనే తల్లిగారింటికి పోయిందట, ఇంకా అక్కడే ఉందట. నాకు అదీ తట్టలేదు. నీ ఇంట్లో ఒక్క బాలింత కూడా లేదు.

మొన్న మధ్యాహ్నం పాపను ఎత్తుకుని, నీళ్ల డ్రమ్ము మూత తీసి నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. అత్తమ్మ వచ్చి గుంజుకుంది. పాలకు తప్ప పాపను నాకు ఇవ్వడం లేదు. ఇది జబ్బేనని, మందులున్నాయని, ఆసుపత్రికి రమ్మని టీకాల నర్సు చెప్పింది. "పిచ్చిదని పేరొస్తే నలుగుర్ల ఎట్ల తిరగాలె?" అని అత్తమ్మ పోనివ్వలేదు. నువ్వెందుకు అబద్ధం ఆడావు?

నవత

సిరిసిల్ల
ఆగస్టు 29

నవతా,

అల్లునికి ఫోన్ చేసి అంతా చెప్పాను. రేపే సెలవు పెట్టి నిన్ను ఆసుపత్రికి తీసుకుపోతానన్నాడు. ఆ మాట నోటితో చెప్పగలిగాను, ఇది చెప్పలేక రాస్తున్నాను.

నువ్వు పుట్టినప్పుడు నాకూ ఇదే. నెల పిల్లవు, నిన్ను బస్టాండులో బెంచీ మీద పడుకోబెట్టి ఇంటికొచ్చేశాను. పక్కింటి బుచ్చిరాములు చూసి తెచ్చాడు. గాలి సోకిందని నన్ను వేపమండలతో కొట్టించారు. మందు ఉందని ఎవరూ చెప్పలేదు. నువ్వు ఈ స్థితిలో ఇక్కడికొస్తే వాడకట్టులో ఎవరో ఒకరు ఆ సంగతి ఎత్తుతారని భయపడ్డాను. నీ ప్రాణం కన్నా నా పరువు చూసుకున్నాను. తిట్టు, పడతాను. రావాలనే ఉంది, ఇది చదివాక కూడా నువ్వు రమ్మంటేనే వస్తాను.

మూడేండ్లు నిన్ను మా అత్త, మీ బాపమ్మ పెంచింది. నువ్వు తొలిసారి అమ్మా అని పిలిచింది ఆమెనే. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నాకేమీ అనిపించలేదు.

ప్రమీల