టమాటా లారీలో పడవకు చోటు

మదనపల్లె మార్కెట్ యార్డు,
మంగళవారం మధ్యాహ్నం.

అన్నయ్యకు, నీ చెల్లెలు నాగమణి రాస్తున్నది.

ఇక్కడ నేను, పిల్లది, మీ బావ బాగానే ఉన్నాం. అక్కడ మీరెలా ఉన్నారని అడగాలి, ఉత్తరమన్నాక అది మర్యాద. నేను అడగను. అడిగితే నువ్వేమంటావో నాకు తెలుసు. "మాకేంటే, రాజాల్లా ఉన్నాం" అంటావు. ఎల్లుండి తుఫాను మన ఊరి దగ్గరే తీరం దాటుతుందని టీవీలో బొమ్మ గీసి మరీ చూపిస్తున్నారు. ఆ రాజుగారేమో ఇసుకలో పడవ పక్కన మంచం వేసుకుని కూర్చున్నాడట!

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావేమో. చెప్పాను. మొదటిసారి నవ్వావు. రెండోసారి తిట్టావు. మూడోసారి "ఆడదానివి, నోర్మూసుకుని నీ సంసారం చూసుకో" అని పెట్టేశావు. ఆ తర్వాత స్విచ్ఛాఫ్. వదిన ఫోను కూడా నీ జేబులోనే ఉండి ఉంటుంది. అందుకే ఈ కాగితం. దీన్ని మధ్యలో కట్ చేయలేవు. చదవకుండా చించేస్తావని అనుమానం ఉంది కాబట్టి ముందు వదిన చేతికే ఇవ్వమని చెప్పి పంపుతున్నాను. వదినా, గట్టిగా చదివి వినిపించు. చెవులు మూసుకుంటే ఇంకాస్త గట్టిగా చదువు.

మా సంగతులు నీకు సరిగ్గా తెలియవు, ఎప్పుడూ అడిగిన పాపాన పోలేదు గనక. కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీ దుమ్ముకి పిల్లదానికి దగ్గు పట్టుకుంటే, నేను దాన్ని తీసుకుని పుంగనూరు పక్కన ఒక పల్లెకు వచ్చేశాను. మీ బావ కుప్పంలోనే పని చేస్తున్నాడు. ఆదివారం వస్తాడు, తింటాడు, నిద్రపోతాడు, వెళ్ళిపోతాడు. నేను మదనపల్లె యార్డులో ఒక టమాటా మండీలో బిల్లులు రాస్తున్నాను. రోజూ బస్సులో నిలబడే రావడం, నిలబడే పోవడం. ఒళ్ళంతా టమాటా వాసన. ఆరోగ్యం బాగానే ఉంది, బెంగపడకు. నువ్వు పడవులే, ఏదో అలవాటుగా రాశాను.

ఊరంటావా, ఎటు చూసినా గుండ్లు, బండలు. పొద్దున పూట చలికి నీళ్ళు ముట్టుకోబుద్ధి కాదు. సంగటి ముద్ద మింగడం ఇప్పటికి వచ్చింది. ఎండు చేపలని సంతలో అమ్ముతారు, ఏ కాలంలో పట్టినవో ఆ దేవుడికే తెలియాలి. వచ్చిన కొత్తలో వీళ్ళు "మా చెరువు, మా చెరువు" అని ఒకటే చెబుతుంటే చూద్దామని వెళ్ళాను. లోపల గొర్రెలు మేస్తున్నాయి. మధ్యలో కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, వీళ్ళ చెరువు చూసి ఏమనాలో తెలియక ఇంటికొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ నవ్వు అయ్యాక కాస్త ఏడుపు కూడా వచ్చింది, అది వేరే సంగతి.

ఇక అసలు విషయం. మేం అద్దెకున్న ఇల్లు రెడ్డెప్ప అనే టమాటా రైతుది. ఆయన భార్య చెంగమ్మ. బోర్లు ఎండిపోయాయని మొన్న ఆదివారం ఊరంతా కలిసి వరదపాశం చేశారు. అదేమిటో చెబితే నమ్మవు. బెల్లం వేసి పాయసం వండి, గుట్ట మీద ఒక బండకు బిందెలతో నీళ్ళు పోసి కడిగి, ఆ పాయసం దాని మీద పోస్తారు. తర్వాత అందరూ చేతులు వెనక్కి పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, నాలుకతో నాకుతారు. వాన రావాలని! మీసాలున్న మగవాళ్ళు, మనవలున్న ఆడవాళ్ళు, బండకు అటూ ఇటూ చేరి నాకుతున్నారు. రెడ్డెప్ప మీసానికి బెల్లం అంటుకుంది.

"నువ్వు గూడా రామ్మా, ఒకతూరి నాకితే ఏం పోతాది?" అంది చెంగమ్మ.

నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చేశాను.

ఒక్క రోజు గడిచిందో లేదో తుఫాను కబురు వచ్చింది. ఇక చూడాలి వీళ్ళ సంబరం! నిన్న రెడ్డెప్ప వీధరుగు మీద టీవీ పెట్టి ఊరందరినీ పిలిచాడు. తెర మీద ఆ తెల్లటి సుడి తిరుగుతుంటే కొత్తల్లుడి ఊరేగింపు చూసినట్టు చూస్తున్నారు.

"వస్తాండాది సూడు, వస్తాండాది! మన చెరువు ఈతూరి మొరవ పోతాది," అన్నాడు ఒకాయన. చెరువు నిండి పొర్లడాన్ని ఇక్కడ మొరవ పోవడం అంటారు.

"మన నాలికలకి ఎంత శక్తి ఉండాదో సూడప్పా," అన్నాడు రెడ్డెప్ప, మీసం తుడుచుకుంటూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళ చెరువులో కప్పకు కాలు తడవడానికి మన ఊళ్ళో ఇళ్ళు కొట్టుకుపోవాలా? పోనీ తెలివైనా ఉందా అంటే అదీ లేదు. వాన కావాలని బండ నాకిన మనిషే, వాన పడితే పండు పగిలిపోతుందని ఇవాళ తెల్లారేసరికి తోటకు పరిగెత్తి దోరకాయలన్నీ కోయించాడు! ఇలాంటి వాళ్ళ మధ్య బతుకుతున్నాను, అన్నయ్యా.

అరుగు మీదే నిలబడి అందరినీ కడిగేశాను. "సిగ్గుండాలి మీకు. అక్కడ మా అన్న ఉన్నాడు. ఏడో నెల కడుపుతో మా వదిన ఉంది. మీకు పండగగా ఉందా?" అన్నాను. తిట్టడం మొదలుపెట్టినదాన్ని మధ్యలోనే ఏడ్చేశాను, నా పరువు పోయింది.

చెంగమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మీ అన్న యాడుండాడు తల్లీ?" అంది.

"అదిగో, చీరాల పక్కన, అక్కడే," అని టీవీలో ఆ సుడి ముందున్న ఒడ్డును చూపించాను.

"మరి లేసి రాకుండా ఆడ యాల ఉండాడు?"

దానికి ఏం చెప్పమంటావు? ఆశా వర్కరు వచ్చి వదినను ఆసుపత్రికి పంపమంటే "మా ఇంటిదాని సంగతి మాకు తెలుసు" అని వెనక్కి పంపాడని చెప్పనా? షెల్టరుకు పోవడం పిరికివాళ్ళ పని అంటాడని చెప్పనా? "పడవను వదిలి రాడంట," అని మాత్రం అన్నాను.

రెడ్డెప్ప టీవీ ఆఫ్ చేసి లేచాడు.

"మేము నాకి పిలిస్తిమి, అది పోయి నీ అన్న మీద పడతాంటే మేము ఊరక కూసుంటే యట్ల? రేపు నా సరుకు చీరాలకే పోతాండాది. నేనే లారీలో పోయి తోడుకోనొస్తా."

"పడవ లేకుండా రాడు," అన్నాను.

"పడవ గూడా తెస్తాం. కాయలు దింపినాంక లారీ ఖాళీనే గదా."

నాకు కోపంలో కూడా నవ్వొచ్చింది. "అది లారీకంటే పొడుగు," అన్నాను.

"బయటికి ఉంటే ఉండనీ. ఎదురుబొంగులు తెచ్చేది ఎట్లనుకున్యావు? తోకకి ఎర్రగుడ్డ కట్టుకుంటే సరిపాయ."

"తెచ్చి ఎక్కడ పెడతారు?"

"మా చెరువులో ఏసుకోమను. వానొస్తే తేలుతాది. రాకుంటే ఆడనే ఉంటాది, యాడికి పోతాది?"

సముద్రమంటే ఏమిటో తెలియని మనిషి, అన్నయ్యా. ఈత రాదు. పడవను ఎప్పుడూ ముట్టుకుని ఎరగడు. తుఫాను తన నాలుక వల్లే బయల్దేరిందని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. ఇంత మూర్ఖుణ్ణి నేను ఇంకొకణ్ణే చూశాను, అది నువ్వు. ఆయన పిలిస్తే తుఫాను వచ్చిందట, నువ్వు కసిరితే వెళ్ళిపోతుందట. తేడా ఒక్కటే. ఆ మూర్ఖుడు లారీ ఎక్కుతున్నాడు, నువ్వు మంచం దిగడం లేదు.

ఇది రాస్తుంటే ఎదురుగా క్రేట్లు ఎక్కిస్తున్నారు. రెడ్డెప్ప, డ్రైవరు ఈ కాగితం తీసుకుని సాయంత్రం బయల్దేరి పొద్దున్నే చీరాల మార్కెట్లో సరుకు దింపి, నేరుగా మన ఇంటికి వస్తారు. వదిన కూర్చోవడానికి చెంగమ్మ రెండు బొంతలు పంపింది, క్యాబిన్‌లో పరిచారు. మోకులు కూడా పెట్టుకున్నారు. ఎర్రగుడ్డ అంటే చెంగమ్మ పాత చీర చింపిచ్చింది, అది సరిగ్గా ఎరుపు కూడా కాదు. పడవ ఆ లారీ ఎక్కదని నాకు తెలుసు, నీకూ తెలుసు. ఎక్కదని చెప్పి దాని పక్కనే కూలబడకు. మోకులు ఉన్నాయిగా, సరుగుడు చెట్లకు కట్టిపారేసి రా. ఇంజను విప్పి లారీలో వేసుకో, వలలు వేసుకో. వదినను ముందు ఎక్కించు. దారిలో ఆమెకు ఏమాత్రం నలతగా ఉన్నా ఏ ఆసుపత్రి దగ్గరైనా ఆపమని డ్రైవరుకు గట్టిగా చెప్పాను. వచ్చేటప్పుడు ఎండు నెత్తళ్ళు ఉంటే ఒక సంచి తీసుకురా. లేకపోతే పీడా పోయింది, మనుషులు రండి చాలు.

ఇంకొక్క మాట. నువ్వు లారీ ఎక్కేదాకా ఆయన కూడా కదలడట. నీ మంచం మీదే నీ పక్కన కూర్చుంటాడట. పొద్దున ఇంటి దగ్గర చెంగమ్మ ముందే అన్నాడు. ఆమె ఆ బొంతలు మళ్ళీ మళ్ళీ మడత పెట్టింది. నీ పౌరుషానికి నువ్వూ వదినా, కళ్ళు తెరవని ఆ బిడ్డా చాలరా? ఆ ఈత రాని మనిషి కూడా కావాలా?

నాకు భయంగా ఉంది, అన్నయ్యా. ఇన్ని మాటలూ అందుకే.

"ఎల్లుండికి ఎంతమందికి ఎసురు పెట్టల్లమ్మా?" అని అడిగింది చెంగమ్మ. నీ పేరు కూడా కలిపే చెప్పాను. నన్ను అబద్ధాలకోరును చేయకు.

వదినకు, వీధిలో పెద్దవాళ్ళందరికీ నా నమస్కారాలు చెప్పు, అందరినీ షెల్టరుకు పొమ్మను. పెద్దవాడివి, నీ కాళ్ళకు దణ్ణం పెట్టి ముగించాలి. కాగితం మీద పెట్టను. ఆ కాళ్ళు ఇక్కడికి తీసుకురా, అప్పుడు పెడతాను.

నీ చెల్లెలు
నాగమణి