రంగస్థలం మీద మా అక్క పెళ్లి

న్యూయార్క్ నగరం, వెస్ట్ ఎండ్ అవెన్యూ వాస్తవ్యురాలిని, పచ్చళ్ల వ్యాపారి కీర్తిశేషులు మెండెల్ బ్లౌస్టీన్ గారి రెండవ కుమార్తెను, దంతవైద్యుడు కీర్తిశేషులు ఆస్కార్ గారి భార్యను, ఎనభై ఒక్కేళ్ల హెన్రియెట్టా బ్లౌస్టీన్ అనే నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, తెలివిలో ఉండి రాసుకున్న వీలునామా ఇది. కాళ్లూ, ఊపిరీ, ఎడమ చెవీ నా మాట వినడం మానేశాయి. బుద్ధి ఇంకా వింటోంది. వేసవి దాకా ఫరవాలేదని డాక్టరు గారు అన్నారు గానీ, ఆయన మొహం చూస్తే అంత ధీమా కనిపించలేదు.

ఇంతకు మునుపు నేను రాసిన వీలునామాలన్నిటినీ, ముఖ్యంగా పోయిన అక్టోబరులో రాసినదాన్ని, ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. నా నాటకాన్ని ఇకపై ఎక్కడ ఆడినా నేను మొదట రాసిన ముగింపుతోనే ఆడాలని ఆ వీలునామాలో శాసించాను. నలభై ఏళ్లు ఆ మాట రాయడం కోసమే ఎదురుచూశాను. ఇప్పుడు దాన్ని నా చేతులతోనే కొట్టేస్తున్నాను. కారణం కింద ఉంది.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా వకీలు లియోపోల్డ్ గ్రీఫ్‌కూ, తమార్ పెర్ల్‌మటర్‌కూ అప్పగిస్తున్నాను. లియో, ఇది పైకి చదివేటప్పుడు కోర్టులో లాగా గొంతు సవరించుకోకు. తమార్, అతను సవరించుకుంటే నవ్వకు.

2. మా నాన్న యూరప్ నుంచి ఓడలో మోసుకొచ్చిన పెద్ద రాతి జాడీ తమార్‌కు చెందాలి. అందులో దోసకాయలు ఊరవేస్తే ఉప్పూ నీళ్లూ వెల్లుల్లీ సోయాకూరా మాత్రమే వెయ్యాలి. వెనిగర్ చుక్క పడిందని తెలిస్తే ఈ అంశం చెల్లదు.

3. మా నాటకంలో మొట్టమొదట నాయిక వేషం కట్టిన కోరా లాండ్రిగన్‌కు నా ప్రాసల నిఘంటువు ఇస్తున్నాను. నాటకంలోని చలోక్తులన్నీ తానే పుట్టించానని ఆవిడ ప్రతి పత్రికకూ చెబుతూ వచ్చింది. అలాంటప్పుడు పనిముట్టు కూడా ఆవిడ దగ్గరుంటేనే బాగుంటుంది. ఆవిడ గొంతు మాత్రం బంగారం. అది ఒప్పుకోకపోతే నాకు పుట్టగతులుండవు.

4. ఇక అసలు ఆస్తి. “ఊరదోసకాయల రాణి” అనే సంగీత హాస్య నాటకంలో మాటలూ పాటలూ నావి, సంగీతం జూల్స్ పెర్ల్‌మటర్‌ది. జూల్స్ పోయాక అతని వాటా కూతురు తమార్‌కు వచ్చింది. ఎవరు ఎక్కడ ఆడాలన్నా, ఒక్క అక్షరం మార్చాలన్నా, మేమిద్దరం సంతకం పెట్టాలి.

లియో ఈ నాటకాన్ని నిద్రపోతూ చూశాడు కాబట్టి కథ చెబుతున్నాను. ఈ ఊళ్లోనే, ఇరుకు వీధిలో ఒక పచ్చళ్ల కొట్టు. తండ్రి పోయేసరికి కొట్టు భారం పెద్దకూతురు బెకీ నెత్తిన పడుతుంది. టోపీలమ్మే నేథన్ ఆమె మీద మనసుపడి, తనతో క్లీవ్‌లాండ్ వచ్చెయ్యమంటాడు. నేను రాసినదాంట్లో బెకీ వెళ్లదు. చెల్లెలి చదువుంది, కొట్టుంది. నేథన్ రైలెక్కుతాడు. తెల్లవారాక బెకీ కొట్టు తీసి, పీపా మూత ఎత్తి, ఉప్పునీళ్లు వేలితో రుచి చూసి, తనలో తాను ఒక చిన్న పాట పాడుకుంటుంది. అంతటితో తెర పడుతుంది. ఆ బెకీ మా అక్క షిఫ్రా. ఆ చదువుకున్న చెల్లెల్ని నేను. నేథన్ అసలు పేరు వేరే. ఆయనకు మనవలున్నారు, వాళ్ల జోలికి పోను.

1951లో బోస్టన్‌లో ఆడించి చూశాం. న్యూయార్క్‌లో తెర ఎత్తే ముందు పొరుగూళ్లో ఆడించి, జనం ఎక్కడ దగ్గుతున్నారో గమనించి కోతలు వెయ్యడం మా పద్ధతి. ఆ రోజుల్లో ఆసుపత్రులకూ అనాథాశ్రమాలకూ చందాలు పోగుచేసే మహిళా సంఘాలు, నాటకం మొదలు కాకముందే హాలు హాలంతా టోకున కొని, టికెట్లు ఎక్కువ ధరకు అమ్ముకునేవి. ఆ సంఘాల పెద్దమ్మలు బోస్టన్ దాకా రైల్లో వచ్చి చూశారు. కడుపుబ్బ నవ్వారు, చివర్లో కళ్లు తుడుచుకున్నారు, తమను ఏడిపించినందుకు మండిపడ్డారు. పెళ్లి లేకపోతే టికెట్లు వాపసు చేస్తామన్నారు. మా నిర్మాత గస్ హాలొరన్ హోటల్ గదిలో నన్నూ జూల్స్‌నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొహం మాత్రం నావైపు తిప్పి అన్నాడు: “ఆ పిల్లకు పెళ్లయినా చెయ్యి, లేదా నాకు పాడె అయినా కట్టు హెట్టీ. రెండిట్లో ఏదో ఒకటి శనివారంలోగా తేల్చు.”

జూల్స్ అప్పటికే కాళ్లతో తాళం వేస్తున్నాడు. అతనికి పెళ్లి బాణీ తట్టేసింది. నేను పోట్లాడాను, అరిచాను, నా టైపు యంత్రం ఎత్తుకుని రైలు స్టేషన్ దాకా వెళ్లి, టికెట్ కొనకుండా తిరిగొచ్చాను. ఉప్పునీళ్ల పాట పోయింది. దాని స్థానంలో నేథన్ రైలు దిగి పరుగెత్తుకొస్తాడు, వీధంతా పందిరి వేస్తుంది, పెళ్లి జరుగుతుంది. ఆ పెళ్లి పాటనే ఊరూవాడా ఈల వేసింది. ఆ పాట నేనే రాశాను, బాగానే రాశాను, అందుకే నాకు ఇంత బాధ.

5. ఆ తర్వాత మా నాటకం బతుకు ఇలా గడిచింది. న్యూయార్క్‌లో రెండేళ్లు దాటి ఆడింది. ఊరూరా తిరిగింది. లండన్ వెళ్లి నెల తిరక్కుండా ఇంటికొచ్చింది. ఇంతమంది కలిసి ఉప్పు గురించి ఎందుకు పాడుతున్నారో తనకు బోధపడలేదని అక్కడొక విమర్శకుడు రాశాడు. ఆయనకు మా నాన్న చేతి దోసకాయ ఒకటి పెట్టి ఉంటే బోధపడేది. వేసవి గుడారాల్లో వానకు తడుస్తూ ఆడారు. 1967లో ఒక మహానుభావుడు బెకీకి పొట్టి గౌను తొడిగి, పీపాలు ప్లాస్టిక్‌తో చేయించి మళ్లీ ఎక్కించాడు. ఆయనకు నేను ఏమీ ఇవ్వడం లేదు, ఇక్కడ పేరు కూడా ఇవ్వడం లేదు.

అటు తర్వాత బడిపిల్లలు అందుకున్నారు. యూదుల గడప ఒక్కటీ లేని నెబ్రాస్కా పల్లెలో ఒక బడివాళ్లు ఆడి, ఫోటో పంపారు. పెళ్లి పందిరికి గుంజలు పారకర్రలు, పైకప్పు ఎవరి ఇంటిదో బల్లగుడ్డ. పెళ్లికొడుకు చెవులు ఆ గుడ్డకు తగులుతున్నాయి. ఆ ఫోటో చూసి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ బడి చిరునామా లియో దగ్గర ఉంది, నా పియానో వాళ్లకు చేర్చాలి. అయినా ప్రతి చోటా ముగింపు పెళ్లే. ఏ ఊరి నుంచి ఫోటో వచ్చినా, నేను రాసిన బెకీ అందులో ఉండేది కాదు.

పోయిన శరదృతువులో తమార్ ఒక కుర్ర దర్శకుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. పేరు ఏడ్రియన్ ఫాస్. జూల్స్ ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఉప్పునీళ్ల పాట వాయించుకునేవాడట. తమార్ చిన్నప్పుడు మెట్ల మీద కూర్చుని విని నేర్చుకుందట. ఆ పాట పోయినందుకు తానూ నొచ్చుకున్నాడని జూల్స్ నాకు ఏనాడూ తెలియనివ్వలేదు. తమార్ నా పియానో దగ్గర కూర్చుని ఆ పాట పాడింది. పెళ్లి తీసేసి, ఆ పాటతోనే తెర దించుతానని, వచ్చే చలికాలానికి పెద్ద థియేటర్ సిద్ధంగా ఉందని ఫాస్ అన్నాడు. అతను వెళ్లాక నేను చిన్నపిల్లలా ఏడ్చి, పైన చెప్పిన అక్టోబరు వీలునామా రాశాను.

6. ఆ సంతోషంలో బ్రాంక్స్‌లోని వృద్ధాశ్రమానికి వెళ్లాను. మా అక్కకు చెప్పాలి కదా.

ఇక్కడ ఆ పెళ్లి ఘట్టం గురించి ఒక సంగతి చెప్పాలి. పెళ్లి జరిపించే యూదు గురువు వేషం జెలిగ్ డార్ఫ్‌మన్ వేసేవాడు. సెకండ్ అవెన్యూలో మా యూదుల యిద్దిష్ భాషలో నాటకాలు ఆడి ఆడి పండిపోయిన మనిషి. పెళ్లికొడుకు ఉంగరం తొడిగి, ఇద్దరు సాక్షుల ఎదుట, పెళ్లి వాక్యం మొత్తం పలికితే అది నాటకం కాదు, నిజం పెళ్లే అవుతుందని ఆయన పట్టు. నేథన్ వేషం వేసేవాడికి క్వీన్స్‌లో భార్యాబిడ్డలున్నారు. అందుకని “మోషే ధర్మం ప్రకారం, ఇశ్రాయేలు ధర్మం ప్రకారం” అనే ఆఖరి ముక్కలు పలకకూడదని ఏర్పాటు చేశారు. అసలు గురువుగారినొకరిని అడిగితే, ఉంగరం థియేటర్ వాళ్లది, పెళ్లికొడుకుది కాదు, కాబట్టి భయం లేదని నవ్వేశాడు. “రేపు పైవాడు లెక్క అడిగితే నువ్వొచ్చి చెబుతావా?” అన్నాడు జెలిగ్.

ఫిలడెల్ఫియాలో ఒక రోజు నేథన్ వేషానికి బదులు మనిషి దిగాడు. ప్రార్థనా మందిరంలో పాడేవారి అబ్బాయి. నోరు ఊరుకోక వాక్యం చివరికంటా రాగం తీసి పాడేశాడు. జెలిగ్ పెట్టుడు గడ్డం ఊడదీసి బల్ల మీద పెట్టి, ఆ ఇద్దరికీ విడాకులయ్యేదాకా మళ్లీ పెట్టుకోనన్నాడు. మరునాడు ముగ్గురు పెద్దల్ని కూర్చోబెట్టి, విడాకుల పత్రం రాయించి, బెకీ వేషం వేసిన పిల్ల చేతిలో పడేయించారు. ఆ పిల్ల స్కాట్లాండ్ నుంచి వచ్చిన క్రైస్తవుల బిడ్డ అనీ, మా ధర్మంలో అసలు ఆ పెళ్లే చెల్లదనీ పత్రం మడతపెట్టేదాకా ఒక్కరికీ తట్టలేదు.

న్యూయార్క్‌లో ఆడినన్నాళ్లూ మా అక్క ప్రతి బుధవారం కొట్టు కట్టేసి మధ్యాహ్నం ఆటకు వచ్చేది. ఆఖరి వరుస వెనక నిలబడి చూసేది. కూర్చోమంటే వినేది కాదు. నన్ను దెప్పడానికే వస్తోందనుకున్నాను. తన బతుకును పట్టుకుని అబద్ధం చేశానని, నోటితో అనకుండా వచ్చి నిలబడుతోందనుకున్నాను. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆశ్రమంలో అక్క కిటికీ పక్కన కూర్చుని ఉడికించిన ఎండుపళ్లు తింటోంది. ఇక మీదట నీ కథ ఉన్నదున్నట్టు ఆడతారక్కా అని, గెలిచి వచ్చినదానిలా చెప్పాను. ఆమె చెంచా పక్కన పెట్టింది.

“ఉన్నదున్నట్టు నాకు తెలుసు కదే,” అంది. “దానికి మళ్లీ థియేటర్ దాకా ఎందుకు?”

నేను బోస్టన్ సంగతీ, ఆ పెద్దమ్మల సంగతీ, నేను ఎంత పోట్లాడానో అంతా చెప్పుకుపోయాను. ఆమె అంతా విని అంది: “ఆ అబ్బాయి చివరి మాటలు మింగేసేవాడు చూడు, సిగ్గేమో అనుకునేదాన్ని. వెనక నిలబడి అవి నేనే అనేదాన్ని. బుధవారం, బుధవారం. అప్పటికి గానీ పెళ్లయినట్టుండేది కాదు నాకు.” తర్వాత నా చెయ్యి పట్టుకుంది. “అది తీసెయ్యకే, హెట్టీ.”

ఇంకొంచెం ఎండుపళ్లు తెమ్మని నర్సును అడిగింది. నేను వసారాలోకి వచ్చి నా కోటు ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను. అది నా ఒంటి మీదే ఉంది.

7. కాబట్టి నా నిర్ణయం ఇది. మా అక్క షిఫ్రా బ్లౌస్టీన్ జీవించి ఉన్నంతకాలం, “ఊరదోసకాయల రాణి”ని ఏ దేశంలో, ఏ బడిలో, ఏ గుడారంలో ఆడినా పెళ్లితోనే ముగించాలి. మరో ముగింపుకు నా వాటా తరఫున ఎవరూ సంతకం పెట్టరాదు. పెళ్లి ఉంటే తాను చెయ్యనని ఫాస్ మర్యాదగానే చెప్పి, వేరే నాటకం వెతుక్కున్నాడు. అతని తప్పు లేదు. తమార్ నొచ్చుకుంది, ఆమె తప్పూ లేదు.

నేను రాసిన ముగింపు నేను చూడకుండానే పోతాను. ఇది త్యాగమని ఎవరూ నా సమాధి దగ్గర ఉపన్యాసాలు ఇవ్వద్దు. నాకు బాధగా ఉంది. ఈ బాధ చట్టబద్ధమైన కాగితం మీద ఉండాలని రాస్తున్నాను. ఎండుపళ్లు తింటున్న అక్కను చూస్తే నూరేళ్లు నిండేటట్టే ఉంది, నిండాలనే కోరుకుంటున్నాను, కోరుకున్న ప్రతిసారీ లోపల ఏదో కలుక్కుమంటోంది. అదీ నిజమే.

అక్క తదనంతరం నా వాటా సర్వహక్కులతో తమార్‌కు చెందుతుంది. అప్పుడు పెళ్లి ఉంచుతుందో, ఉప్పునీళ్ల పాట పెడుతుందో ఆమె ఇష్టం. అంతవరకూ ఆ వాటా మీద వచ్చేదంతా అక్క పోషణకు వాడాలి. ఫాస్ తప్పుకున్న సంగతి అక్కతో అనకూడదు. జనం పెళ్లే కావాలన్నారని చెప్పండి.

8. ఈ ఊళ్లో ఎవరు ఆ నాటకం ఆడినా, బుధవారం మధ్యాహ్నం ఆటకు అక్కను చక్రాల కుర్చీలో తీసుకెళ్లి, ఆఖరి వరుస వెనక ఉంచాలి. ముందు వరుస ఇస్తామంటే ఒప్పుకోదు. పెళ్లి ఘట్టంలో వెనక నుంచి ఒక ముసలి గొంతు వినిపిస్తే, థియేటర్ మనుషులు గానీ ప్రేక్షకులు గానీ ఆమెను ఊరుకోమనకూడదు. ఆమె చెప్పడం పూర్తయ్యాకే తెర దించాలి.

ఇది చదివి, సరిచూసుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

న్యూయార్క్, 1993 మార్చి 11.

(సంతకం) హెన్రియెట్టా బ్లౌస్టీన్

సాక్షులు:
1. ఎడిత్ సోబెల్, ఇదే భవనం ఐదో అంతస్తు నివాసి
2. రామోన్ కింటేరో, ఇదే భవనం ద్వారపాలకుడు