వెనక్కి వాలడం నేర్పిన అన్నకు

సమాధానం అన్నా, నీకు చెల్లెలి వందనాలు.

ఈ గుల్మార్గ్‌లో హోటల్ డ్యూటీ దిగినాక మంచులో బోర్డు మీద జారడం నేర్చుకుంటున్నానని చెప్పినా గదా. వారమైంది, ఒళ్లు హూనమయిందే గానీ రాలేదు. దూకే దిబ్బ దగ్గరికి పోతానే వెనక్కి వాలి పడతా. "ముందుకు వంగు" అని కోచ్ అరుస్తాడు. ఎట్లా వంగేది? మన ఊరు సంగంలో నువ్వు ట్రాక్టర్ తోలుతుంటే, వెనక మడి చదును చేసే చెక్క మీద బరువుకు నన్ను నిలబెట్టి, ట్రాక్టర్‌కు కట్టిన తాడు చేతికిచ్చి, "వెనక్కి వాలు, తాడు ఇడవబాక" అని నేర్పింది నువ్వే గదా!

ఆదివారం లోపల దూకకపోతే కోచ్ నన్ను పిల్లకాయలు జారే చోటికి పొమ్మన్నాడు. నిన్న, నా ముందర నీ ట్రాక్టర్ ఉందనుకొని దిగినా. చేతులు తాడు కోసం వెతికినాయి. మళ్లీ పడినా.

తాడు లేకుండా నిలబడడం ఎందుకు నేర్పలేదన్నా నువ్వు?