నా బ్లాక్ నంబరు ఎవరికిచ్చావు?

యీషున్

దొరబాబు అన్నయ్యా,

క్షేమమే. ఇంటిల్లిపాదీ చదవాలనే కార్డు మీద రాస్తున్నాను. వారం రోజులుగా ఎవడో స్టేషన్ నుంచి ఫ్లాట్ దాకా నా వెనకే వస్తున్నాడు. పెప్పర్ స్ప్రేకి పర్మిట్ ఇమ్మని పోలీసుల్ని అడిగితే, ఈ దేశంలో అది దగ్గరుంచుకోవడమే నేరమని చెప్పి కంప్లయింట్ తీసుకున్నారు. నిన్న వాడు పోలీసులకు దొరికాడు. పెళ్లిచూపులకు ముందే పిల్లను దూరం నుంచి చూసుకోమని నువ్వు పెట్టిన మెసేజ్ చూపించాడు. అందులో నేనుండే బిల్డింగ్ బ్లాక్ నంబరు కూడా ఉంది. "ఈయన మీ బ్రదరేనా?" అని ఆఫీసర్ అడిగితే తల కొట్టేసినట్టయింది.

అమ్మ మోకాలు ఎలా ఉంది? వదినను కారప్పొడి పంపమను, కూరల్లోకే. వాళ్లిద్దరికీ నమస్కారాలు. నా అడ్రస్ ఇంకెవడికైనా ఇచ్చేముందు నువ్వు నా దగ్గర పర్మిట్ తీసుకో.

సరయు