గీత కింద మొదటివాడు

అక్కకి,

నమస్కారాలు. నువ్వు దిగేసరికి నేను ఎక్కేస్తాను, నేను దిగేసరికి నువ్వు పడుకుంటావు. అందుకే పైలట్ల గదిలో నీ అరలో ఈ ఉత్తరం పెడుతున్నాను.

సరుకు లేదక్కా. నిన్న అంత పెద్ద విమానంలో వెనక కాసిని పంపుసెట్లు, ఒక పియానో. "పోనీలే, వాయించుకుంటూ పోదాం" అన్నాడు కెప్టెన్. ఎవరూ నవ్వలేదు. కంపెనీ కొందరు పైలట్లని ఇంటికి పంపుతుందట. ఉద్యోగం తీసేసినట్టు కాదట, జీతం లేని సెలవట, రోజులు బాగుపడితే పిలుస్తారట. చివర చేరినవాళ్లు ముందు పోవాలి. లెక్కేసి చూశాను. గీత సరిగ్గా నా నెత్తిమీదే పడింది. నా పైవాడు ఉంటాడు, నేను పోతాను. నీ మరదలికి ఏడో నెల. ఈ సంగతి తనకింకా చెప్పలేదు.

నీ తమ్ముడు

తా.క. నాతోపాటు చేరిన నసరాజు ఆస్పత్రి సెలవులో ఉన్నాడు. నీ పక్క సీట్లో కూర్చుని, సముద్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా తన నడుం నొప్పి గురించి వాయించేవాడు కదా, చివరికి ఆ నడుమే పట్టేసింది. నీకు ఆ సుఖమైనా దక్కింది.

*

తమ్ముడికి,

దీవెనలు, వాటితోపాటు ఒక మొట్టికాయ. పెళ్లానికి చెప్పకుండా నాకు చెప్పడమేమిట్రా? చిన్నప్పుడు లెక్కల పరీక్ష తప్పినా ఇంతే, నా వెనకొచ్చి దాక్కునేవాడివి. ఇప్పుడు దాక్కోడానికి నాకు కొంగు లేదు, యూనిఫాం ఉంది. ముందు ఇంటికెళ్లి చెప్పు.

దిగులు పెట్టుకోకు. నాకూ ఒళ్లు అలిసిపోతోంది. కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండాలనిపిస్తోంది.

అక్క

తా.క. నసరాజు లేని కాక్‌పిట్‌లో ఇంజన్ల చప్పుడు కూడా వినిపిస్తోంది. ఇన్నేళ్లకి తెలిసింది, బాగానే ఉంటుందని.

*

అక్కకి,

నమస్కారం పెట్టాలని లేదు, అయినా పెడుతున్నాను. సెలవు కాగితం ఇచ్చేశావట! వాతావరణం ఆఫీసాయనతో క్యాంటీన్‌లో గంటలకొద్దీ కాఫీ తాగుతున్నావనీ, ఆయన కొత్త చొక్కాలు కుట్టించుకుంటున్నాడనీ లోడర్లందరూ చెప్పుకుంటున్నారు. ఈ వయసులో పెళ్లేమిటక్కా? వరసలో అంత పైనున్నదానివి, నిన్నెవరూ కదపలేరు. ఇక్కడ నేను ఉద్యోగం కోసం గుండె అరచేత పట్టుకుని తిరుగుతుంటే, నువ్వు చేతిలో ఉన్నదాన్ని సరదాగా విసిరేస్తావా? నాకు ఒళ్లు మండుతోంది.

తమ్ముడు

తా.క. ఆయన ఎండ అన్న రోజల్లా వాన పడింది. మాట మీద నిలబడే మనిషి కాదు. ఆలోచించుకో.

*

తమ్ముడికి,

దీవెనలు, ఈసారి రెండు మొట్టికాయలు. పెళ్లీ లేదు, పెటాకులూ లేవు. ఆయన చొక్కాలు కుట్టించుకుంటున్నది కూతురి పెళ్లికి.

లోడర్ల కబుర్లు వింటావు గానీ గోడమీద నోటీసు చదవవా? పైవాళ్లలో ఒకరు తమంతట తాము వెళ్లిపోతే, కింద ఇంటికి పంపేవాళ్లలో ఒకరు తగ్గుతారట. గీత కింద మొదటివాడివి నువ్వే కదా. అందుకే ఇచ్చాను.

వాళ్లు మళ్లీ పిలిచేసరికి నాకు వయసు దాటిపోతుంది. ఇంక ఎగరలేను. మొన్నటిదే చివరిది. వెనక సరుకేమీ లేదు, ఖాళీ పెట్టెలు. ఇంజన్లు ఆపేశాక సీట్లోంచి లేవలేకపోయాను. ఏడ్చానురా. లోడరు పైకొచ్చి "దించడానికేం లేదు కదా మేడం?" అన్నాడు. ఏం లేదన్నాను.

అక్క

తా.క. కృతజ్ఞతలంటూ పేజీలు నింపకు. నీ చేతిరాత చదవడం నా వల్ల కాదు.

*

అక్కా,

జాబితా పెట్టారు. నేను లెక్క తప్పాను. ఆస్పత్రిలో ఉన్నాడు కదా అని నసరాజుని వరసలోంచి వదిలేసి లెక్కేశాను. సెలవులో ఉన్నా వాడి చోటు వాడిదేనట. నాకంటే ఒక్కరోజు ముందు చేరాడు. గీత కింద మొదటివాడు నేను కాదు, వాడు. నువ్వు మిగిల్చింది వాణ్ణి.

నీ కాగితం వెనక్కి ఇమ్మని ఆఫీసులో కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. కుదరదన్నారు. నా ఉద్యోగం ఎలాగూ పోయేదే, నీది నేను పోగొట్టాను. క్షమించమని అడగడానికి మొహం లేదు.

తమ్ముడు

తా.క. ఇంట్లో చెప్పాను. తను నన్ను ఒక్క మాట అనలేదు. నీకోసం ఏడ్చింది.

*

తమ్ముడికి,

దీవెనలు మాత్రమే. మొట్టికాయలు లేవు.

నీ ఉత్తరం వచ్చిన రోజే నసరాజు భార్యని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. నడుముకి పట్టీ ఉంది. కూర్చోలేక గోడకానుకుని నిలబడ్డాడు.

"మేడం, మీరు తమ్ముడి కోసం చేశారనే అందరూ అంటున్నారు. నేను ఒప్పుకోలేదు. నేను నసగాడినని నాకు తెలుసు, నాతో ఎవరూ ఎగరాలనుకోరు. మీరొక్కరే నా నడుం గోల అన్నేళ్లు విన్నారు. నాకోసమే చేసుంటారని మా ఆవిడతో చెప్పాను. నిజమేనా మేడం?"

కడుపు మండి, తిట్టడానికే నోరు తెరిచాను. వాళ్లావిడ నా మొహంలోకే చూస్తోంది. "అవునయ్యా, నీకోసమే" అన్నాను.

మనిషి నిలబడే ఏడ్చాడు.

నీకోసం చేశానురా. నీకోసమే. ఆ మాట ఇంక నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

అక్క

తా.క. నిన్ను ఓదార్చడానికి ఆదివారం మీ ఇంటికి వస్తానన్నాడు. తలుపు తియ్యి. మా అక్క నీకోసమే చేసిందని నువ్వూ చెప్పు.